సోలార్, బ్యాటరీ, హైడ్రోజన్: బెజవాడ, గుంటూరు జనం తరచుగా అడిగే ప్రశ్నలు

సోలార్ ప్లేట్లు, ఇన్వర్టర్ బ్యాటరీలు బిగించే పనిలో ఉన్నవాళ్లకి రెండు రకాల ప్రశ్నలు వస్తుంటాయి. మొదటిది "మా డాబాకి ఎన్ని కిలోవాట్లు సరిపోతాయి?" లాంటిది. రెండోది ఫోన్‌లో ఏదో వీడియో చూసి "నీళ్లతో బండి నడుస్తుందట కదా, మీరెందుకు అమ్మరు?" అని అడిగేది. రెండింటికీ జవాబు ఒకే దారిలో దొరుకుతుంది. ఎన్ని యూనిట్లు లోపలికి పోయాయి, ఎన్ని బయటికి వచ్చాయి అని లెక్క కట్టడమే ఆ దారి. అందుకే కింద లెక్కలు కాస్త ఎక్కువగానే ఉంటాయి. అన్నీ కూడికలు, గుణకారాలే.

కిలోవాట్ వేరు, యూనిట్ వేరు అంటారు. తేడా ఏంటి?

కిలోవాట్ అంటే కుళాయి ధార ఎంత లావుగా ఉందో, యూనిట్ అంటే బిందెలోకి ఎన్ని నీళ్లు వచ్చాయో. ఒక కిలోవాట్ గీజర్ గంటసేపు నడిస్తే ఒక యూనిట్ ఖర్చయినట్టు. బిల్లు వచ్చేది యూనిట్లకే.

బ్యాటరీ మీద యూనిట్లు రాసి ఉండవు, ఏహెచ్ (ఆంపియర్ అవర్) అని ఉంటుంది. దాన్ని వోల్టులతో గుణించి వెయ్యితో భాగించండి. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ అంటే 1.8 యూనిట్లు. షాపులో ఎవరైనా ఏహెచ్ మాత్రమే చెప్పి వోల్టుల మాట దాటేస్తుంటే, అక్కడే ఆగి అడగండి.

సోలార్ ప్లేట్ కనిపెట్టింది ఎవరు? మా అబ్బాయికి స్కూల్ ప్రాజెక్ట్ ఉంది.

ఒక్క పేరు రాస్తే సరిపోదండీ. 1839లో ఫ్రాన్స్‌లో ఎడ్మండ్ బెక్వెరెల్ అనే కుర్రాడు, అప్పటికి పంతొమ్మిదేళ్లు, వెలుతురు పడితే ఒక ద్రావణంలో కరెంట్ పుడుతోందని గమనించాడు. 1883లో అమెరికాలో చార్లెస్ ఫ్రిట్స్ సెలీనియం మీద పలచని బంగారు పొర పరిచి ఒక సెల్ చేశాడు. పడిన వెలుతురులో నూటికి ఒక వంతు కూడా కరెంట్‌గా మారలేదు. వెలుతురు ఎలక్ట్రాన్లను ఎలా కదిలిస్తుందో 1905లో ఐన్‌స్టీన్ వివరించాడు. ఆయనకు నోబెల్ వచ్చింది ఆ పనికే, సాపేక్ష సిద్ధాంతానికి కాదు.

మన డాబాల మీద ఉన్న ప్లేట్లకి అసలు తాత 1954లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. డారిల్ చాపిన్, కాల్విన్ ఫుల్లర్, జెరాల్డ్ పియర్సన్ కలిసి సిలికాన్‌తో చేసిన ఆ సెల్ దాదాపు 6 శాతం ఇచ్చింది. నాలుగేళ్లకి వాన్‌గార్డ్ ఉపగ్రహం మీద సోలార్ సెల్స్ అంతరిక్షానికి వెళ్లాయి. అప్పట్లో అంత ఖరీదు భరించగలిగింది అంతరిక్ష పరిశోధనే. ఇప్పుడు విజయవాడ రైల్వే స్టేషన్‌లో ప్లాట్‌ఫామ్ కప్పుగా కూడా సోలార్ ప్లేట్లే ఉన్నాయి. ప్రాజెక్ట్‌లో ఆ ఫోటో పెట్టమనండి.

మోనో పెర్క్ మంచిదా, టాప్‌కాన్ మంచిదా?

రెండూ సిలికాన్ సోలార్ సెల్స్‌లో రకాలే. పెర్క్‌లో సెల్ వెనక ఒక పొర వేసి, తప్పించుకుపోయే వెలుతురును మళ్లీ లోపలికి తిప్పుతారు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీలో మార్టిన్ గ్రీన్ బృందం 1980లలో చేసిన పని ఇది. టాప్‌కాన్ దాని తర్వాతి తరం, జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ 2013లో బయటపెట్టింది. కొత్తగా పెట్టేవాళ్లు ధరలో పెద్ద తేడా లేకపోతే టాప్‌కాన్ తీసుకోండి. పెర్క్ ఇప్పటికే పెట్టినవాళ్లు బాధపడాల్సింది ఏమీ లేదు.

పెరోవ్‌స్కైట్ అనే కొత్త సెల్ పదార్థం సంగతి కూడా అడుగుతున్నారు. పడిన వెలుతురులో కరెంట్‌గా మారేది సిలికాన్ ఒక్కదానితో 29 శాతం దాటడం సిద్ధాంతపరంగానే కుదరదు. దాని మీద పెరోవ్‌స్కైట్ పొర ఇంకొకటి వేసి ల్యాబుల్లో 34 శాతం దాటించారు. 2009లో జపాన్‌లో మియసాకా బృందం ఇదే పదార్థంతో మొదలుపెట్టినప్పుడు వచ్చింది 3.8 శాతమే, కాబట్టి పరుగు మామూలుది కాదు. అయితే తేమకి, వేడికి ఆ పొర త్వరగా పాడవుతుంది. కృష్ణా తీరంలో ఆ రెండింటికీ కొదవ లేదు. దాని కోసం ఆగకండి.

మే నెలలో ఎండ మండిపోతుంటే మా సోలార్ మార్చి కన్నా తక్కువ ఇస్తోంది. ప్లేట్లు పాడయ్యాయా?

పాడవలేదు. ప్లేట్‌కి కావలసింది వెలుతురు, వేడి కాదు. ప్లేట్ వెనక రాసి ఉండే వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. మన దగ్గర 44, 45 డిగ్రీల ఎండ కాసిన రోజు ప్లేట్ ఒళ్లు 70 డిగ్రీల దాకా పోతుంది. డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం చొప్పున తగ్గుతూ పోతే నూటికి 13 నుంచి 18 దాకా ఎగిరిపోయినట్టే. 540 వాట్ల ప్లేట్ మధ్యాహ్నం 450 ఇస్తే అది నేరం కాదు, ఎండ లెక్క.

బిగించేటప్పుడు దీనికి చేయగలిగింది ఒకటుంది. ప్లేట్‌కీ శ్లాబ్‌కీ మధ్య గాలి ఆడే ఖాళీ వదలాలి. రేకుల షెడ్డు మీద ప్లేట్లను రేకుకి అతికించినట్టు పడుకోబెట్టడం చూస్తుంటాం, గుంటూరు కోల్డ్ స్టోరేజీల వైపు మరీను. స్టాండ్ కమ్మీల మీద మిగిలిన డబ్బు కన్నా, పోయిన యూనిట్ల విలువ కొన్నేళ్లలో ఎక్కువ అవుతుంది.

ఇంక దుమ్ము. ఇబ్రహీంపట్నం వైపు బూడిద, ఆటోనగర్‌లో గ్రైండింగ్ పొడి, మిర్చి యార్డు చుట్టుపక్కల ఎర్ర దుమ్ము. ఎండాకాలంలో పది పదిహేను రోజులకోసారి పొద్దున్నే కడగండి. మిట్టమధ్యాహ్నం మరుగుతున్న గాజు మీద చన్నీళ్లు కొట్టకండి, పగులుతుంది. బోరు నీళ్ల ఉప్పు చారలు కడితే ఊడవు కాబట్టి మంచినీళ్లు వాడడం మేలు.

మూడు కిలోవాట్లు పెడితే బిల్లు సున్నా అవుతుందా? సబ్సిడీ ఎంత?

సంవత్సరం సగటున కిలోవాట్‌కి రోజుకి 4 యూనిట్లు వస్తాయి. మూడు కిలోవాట్లకి 12, నెలకి 360. మీ బిల్లులో యూనిట్లు చూసుకుని మీరే తేల్చుకోవచ్చు. రెండు ఏసీలు రాత్రంతా నడిచే ఇంట్లో మేలో ఇది సరిపోదు. యూనిట్ చార్జీలు పోయినా ఫిక్స్‌డ్ చార్జీలు బిల్లులో ఉంటాయి కాబట్టి "సున్నా" అనే మాటని కొంచెం తగ్గించి వినండి.

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో కేంద్రం ఒక కిలోవాట్‌కి 30,000, రెండింటికి 60,000, మూడు లేదా అంతకు మించితే 78,000 రూపాయలు ఇస్తుంది. ప్లేట్లోని సెల్స్ కూడా మన దేశంలో తయారైనవే అయ్యుండాలి, దాన్నే డీసీఆర్ అంటారు. అవి కాని ప్లేట్లు చవగ్గా వస్తాయి, కానీ సబ్సిడీ రాదు. కొటేషన్‌లో ఆ మూడు అక్షరాలు ఉన్నాయో లేదో చూసుకోండి.

డాబా నిండా సోలార్ ఉంది, పట్టపగలే కరెంట్ పోతే ఫ్యాన్ తిరగట్లేదు. ఇదేం చోద్యం?

ఈ ప్రశ్నకి జవాబు ముందే చెప్పి అమ్మితే సగం గొడవలు ఉండవు. ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్, అంటే వీధి లైన్‌తో కలిసి నడిచేది, లైన్‌లో కరెంట్ పోగానే ఆగిపోవాలి, అది దాని డిజైన్. ఆగకపోతే మీ ఇంటి నుంచి కరెంట్ ఎదురు వెళ్లి, స్తంభం ఎక్కి రిపేర్ చేస్తున్న లైన్‌మన్‌ని కొడుతుంది. కరెంట్ పోయినా నడవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, దానికో బ్యాటరీ కావాలి. కోతలు తక్కువగా ఉండే వీధిలో అంత ఖర్చు ఎందుకు? ఉన్న ఇన్వర్టర్‌నే ఉంచుకోండి.

ట్యూబులర్ బ్యాటరీ తీసుకోవాలా, లిథియమా? 100 ఏహెచ్ లిథియం 150 ఏహెచ్ ట్యూబులర్‌కి సమానం అంటున్నారు, అబద్ధమే కదా?

అబద్ధం కాదు. లెక్క చూద్దాం.

ట్యూబులర్ అంటే లెడ్ (సీసం) బ్యాటరీలో ఒక రకం. 150 ఏహెచ్ ట్యూబులర్‌లో 1.8 యూనిట్లు ఉంటాయని పైన చూశాం. కానీ లెడ్ బ్యాటరీని రోజూ అడుగంటా వాడితే లోపల ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి త్వరగా చస్తుంది. సగం వరకు వాడాలి, అంటే 0.9 యూనిట్. 12.8 వోల్టుల 100 ఏహెచ్ లిథియం అంటే 1.28 యూనిట్లు. దాన్ని 80, 90 శాతం దాకా నిర్భయంగా వాడొచ్చు, కాబట్టి యూనిట్ పైనే చేతికి వస్తుంది. పైగా లెడ్ బ్యాటరీ ఎక్కించిన వంద యూనిట్లలో ఇరవై, పాతిక వేడిగా, గ్యాస్‌గా పారేస్తుంది. లిథియం పారేసేది ఐదారు. చార్జింగ్‌కి లెడ్ పది పన్నెండు గంటలు తీసుకుంటే, లిథియంకి మూడు నాలుగు గంటలు చాలు.

ఈ లెక్కంతా రోజూ వాడేవాళ్లకి. నెలకి రెండు మూడు గంటలు మాత్రమే కరెంట్ పోయే ఇంటికి ట్యూబులర్ చాలు, డిస్టిల్డ్ వాటర్ పోయడం మర్చిపోకపోతే. పాతబడ్డాక దానికి మార్పిడి ధర కూడా వస్తుంది, సీసం మళ్లీ కరిగించి వాడతారు కాబట్టి. టైలర్ షాపు, జిరాక్స్ సెంటర్, ఇంటి దగ్గర ట్యూషన్లు, సోలార్‌ని రాత్రికి దాచుకోవాలనుకునేవాళ్లు లిథియం తీసుకోండి. ఒక జాగ్రత్త: పాత ఇన్వర్టర్ లెడ్ బ్యాటరీ కోసం ఇచ్చే ఎక్కువ వోల్టేజీకి లిథియం బ్యాటరీలోని రక్షణ సర్క్యూట్ ఆఫ్ అయిపోతుంది. ఇన్వర్టర్‌లో లిథియం సెట్టింగ్ ఉందో లేదో ముందు చూడాలి.

వయసు మాటకొస్తే లెడ్ బ్యాటరీ పెద్దది. 1859లో గాస్టన్ ప్లాంటే చేశాడు, ఇంకా మెట్ల కింద నడుస్తూనే ఉంది. లిథియం అయాన్‌కి 1970లలో విటింగ్‌హామ్, 1980లో గూడెనఫ్, 1985లో యోషినో తలో మెట్టు వేశారు. 1991లో సోనీ మార్కెట్‌లోకి తెచ్చింది. ఆ ముగ్గురికీ 2019లో నోబెల్ వచ్చింది, గూడెనఫ్‌కి అప్పుడు 97 ఏళ్లు. ఆయన తరఫున స్టాక్‌హోమ్‌లో నోబెల్ ఉపన్యాసం ఇచ్చింది తమిళనాడులో పుట్టిన ఆరుముగం మంతిరాం. ఇళ్లలో వాడే ఎల్‌ఎఫ్‌పి (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం లిథియం 1990లలో గూడెనఫ్ ల్యాబ్‌లోనే బయటపడింది. ఆ పేపర్‌లో మొదటి పేరు అక్షయ పాఢి అని మన దేశం మనిషిదే.

లిథియం పేలుతుందట. మా ఆవిడకి టెన్షన్.

పూర్తిగా కొట్టిపారేసే భయం కాదు. సెల్ లోపల షార్ట్ అయితే వేడి పుడుతుంది, ఆ వేడికి పక్క సెల్ అంటుకుంటుంది. నికెల్, కోబాల్ట్ వాడే రకం ఇందులో గడుసుది. ఎల్‌ఎఫ్‌పిలో ఆక్సిజన్‌ని ఫాస్ఫేట్ గట్టిగా పట్టి ఉంచుతుంది కాబట్టి వేడెక్కినా అంత తేలిగ్గా మంట లేవదు. ఇంటికి ఎల్‌ఎఫ్‌పి అని బిల్లు మీద రాయించుకోండి. బండి బ్యాటరీని పడకగదిలోనో, దిగే దారి ఒక్కటే ఉన్న మెట్ల దగ్గరో రాత్రంతా చార్జింగ్ పెట్టకండి. ఎండలో తిరిగి వచ్చిన బండిని కాస్త చల్లారనిచ్చి పెట్టండి.

2024 సెప్టెంబర్ బుడమేరు వరదలో సింగ్ నగర్, పాయకాపురం వైపు ఎన్నో ఇళ్లలో ఇన్వర్టర్లు, బండ్లు నీళ్లలో రోజులతరబడి నానాయి. అలా మునిగిన లిథియం బ్యాటరీని ఆరబెట్టి మళ్లీ చార్జింగ్ పెట్టడం అన్నిటికన్నా ప్రమాదం. పైకి పొడిగానే ఉంటుంది, లోపల తుప్పు పని చేస్తూనే ఉంటుంది. లెడ్ బ్యాటరీ అయితే మెకానిక్‌కి చూపించొచ్చు. లిథియంని ఇంటి బయట పెట్టి కంపెనీ సర్వీసుకి కబురు చేయండి. పల్లపు ప్రాంతంలో కొత్తగా బిగించుకునేవాళ్లు అసలు నేల మీద పెట్టొద్దు, ఛాతీ ఎత్తులో స్టాండ్ వేయించండి.

ఉప్పుతో బ్యాటరీ వస్తోందట, నిజమేనా?

సోడియం అయాన్ బ్యాటరీ నిజమే, చైనాలో సీఏటీఎల్ 2021లో ప్రకటించింది. బ్రిటన్‌లో దీని మీద పనిచేసిన ఫారాడియన్‌ని రిలయన్స్ కొనేసింది. సోడియం ఎక్కడైనా దొరుకుతుంది, చినగంజాం ఉప్పు మళ్లలో కూడా. లిథియంకి ఆ వెసులుబాటు లేదు. అదే బరువుకి యూనిట్లు తక్కువ పడతాయి కాబట్టి బండ్ల కన్నా ఒకచోట ఉండే నిల్వకి నప్పుతుంది. మన షాపుల్లో అడిగి కొనుక్కునే రోజు ఇంకా రాలేదు.

నీళ్లతో నడిచే బైక్ వీడియో చూశాను. కిట్ బిగిస్తే మైలేజీ పెరుగుతుందా?

పెరగదు. ఈ ప్రశ్నకి మాత్రం నిదానంగా జవాబు చెప్పాలి, ఎందుకంటే డబ్బులు పోయేది ఇక్కడే.

నీళ్లు ఇంధనం కాదు. హైడ్రోజన్ మండాక మిగిలిన బూడిదే నీళ్లు అనుకోవచ్చు. దాన్నుంచి మళ్లీ హైడ్రోజన్ తీయాలంటే, మండినప్పుడు వచ్చిన శక్తి అంతా తిరిగి పెట్టాలి, పైగా నష్టాలు భరించాలి. 1800లో నికల్సన్, కార్లైల్ నీళ్లలోకి కరెంట్ పంపి విడగొట్టినప్పటి నుంచీ ఈ లెక్క మారలేదు.

కిట్ అమ్మేవాళ్లు ఆ కరెంట్ బండి బ్యాటరీ నుంచే వస్తుందంటారు. బ్యాటరీకి చార్జింగ్ ఎక్కడిది? ఇంజిన్ తిప్పే డైనమో నుంచి. ఇంజిన్‌కి? పెట్రోల్ నుంచి. పెట్రోల్‌లో వంద పాళ్లు శక్తి ఉంటే ఇంజిన్ 25 పాళ్లే తిప్పుడుగా మారుస్తుంది. డైనమో అందులో 60 శాతం అంటే 15 పాళ్లు కరెంట్ చేస్తుంది. నీళ్లు విడగొట్టే డబ్బా అందులో 65 శాతం అంటే పది పాళ్లు కూడా హైడ్రోజన్‌గా ఇవ్వదు. వంద పెట్టి పది తెచ్చుకుని, ఆ పదిని మళ్లీ అదే ఇంజిన్‌లో పోసి రెండున్నర చేసుకోవడానికి కిట్ ఖర్చు అదనం.

అమెరికాలో స్టాన్లీ మేయర్ అనే ఆయన నీళ్లతో కారు నడుపుతానని చెప్పి పెట్టుబడులు తీసుకున్నాడు. 1996లో ఒహాయో కోర్టు నిపుణులతో పరికరాన్ని పరీక్ష చేయించి, అది కరెంట్‌తో నీళ్లు విడగొట్టే మామూలు ఎలక్ట్రోలిసిస్సే అని, జరిగింది పచ్చి మోసం అని తేల్చి డబ్బు వెనక్కి ఇప్పించింది. అదే ఏడాది తమిళనాడులో మూలికలతో పెట్రోల్ అంటూ దేశమంతా హోరెత్తింది. అదీ నిలబడలేదు.

మరి ఫ్యూయల్ సెల్ అంటే అదే కదా?

కాదు. ఫ్యూయల్ సెల్‌కి హైడ్రోజన్ బయటి నుంచి తెచ్చి ఇవ్వాలి. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మంట లేకుండానే కరెంట్, నీళ్లు వస్తాయి. బ్యాటరీలాగా చార్జింగ్ పెట్టడం ఉండదు, గ్యాస్ అందుతున్నంతసేపూ నడుస్తుంది.

విలియం గ్రోవ్ అనే ఆయన దీన్ని 1839 ప్రాంతంలోనే చేసి చూపించాడు, ఆయన లాయర్ కూడా. తర్వాత వందేళ్లు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఫ్రాన్సిస్ థామస్ బేకన్ అనే ఇంగ్లండ్ ఇంజనీర్ 1930లలో పట్టుకుని, 1959కి 5 కిలోవాట్ల యంత్రం నిలబెట్టాడు. ఆయన దారిలో చేసిన సెల్సే అపోలో నౌకల్లో చంద్రుడి దాకా వెళ్లాయి. వాటిలోంచి వచ్చిన నీళ్లనే వ్యోమగాములు తాగారు. 1970లో అపోలో 13లో ఆక్సిజన్ ట్యాంక్ పేలినప్పుడు కరెంట్‌కీ, తాగే నీళ్లకీ ఒకేసారి కటకట రావడానికి కారణం ఇదే.

మన రాష్ట్రంతోనూ దీనికి సంబంధం ఉంది. 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ సీ58 రాకెట్ చివరి దశలో ఇస్రో ఒక చిన్న ఫ్యూయల్ సెల్‌ని పరీక్షించింది. కక్ష్యలో అది 180 వాట్లు ఇచ్చింది. మూడు సీలింగ్ ఫ్యాన్లకి కూడా బొటాబొటీగా చాలే కరెంటే. కానీ మనుషులు వెళ్లే నౌకలకి కరెంటూ నీళ్లూ కలిపి ఇచ్చే యంత్రం కావాలంటే మొదలు అక్కడే.

పగలు మిగిలిన సోలార్‌తో ఇంట్లోనే హైడ్రోజన్ చేసుకుని రాత్రికి వాడొచ్చా?

వాడొచ్చు, నష్టపోవాలని ఉంటే. ఒక కిలో హైడ్రోజన్ తీయడానికి 50 నుంచి 55 యూనిట్ల కరెంట్ పడుతుంది. ఆ కిలోని ఫ్యూయల్ సెల్‌కి ఇస్తే 16, 18 యూనిట్లు తిరిగొస్తాయి. అంటే పది యూనిట్లు పెడితే మూడు. అదే పది లిథియం బ్యాటరీలో పెడితే తొమ్మిది. ఇంటికి, స్కూటర్‌కి, సిటీలో తిరిగే ఆటోకి బ్యాటరీయే సరి. ఇందులో నాకు అనుమానం లేదు.

హైడ్రోజన్ తప్పనిసరి అయ్యే చోట్లు వేరే ఉన్నాయి. పొలానికి వేసే యూరియాకి మూలం అమ్మోనియా, అమ్మోనియాకి మూలం హైడ్రోజన్. టన్ను అమ్మోనియాలో 177 కిలోల హైడ్రోజన్ ఉంటుంది. ఇప్పుడు దాన్ని ఎక్కువగా సహజవాయువు నుంచి తీస్తున్నారు, కిలోకి తొమ్మిది పది కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తోంది. ఈ పనికి బ్యాటరీ ఎంత మంచిదైనా పనికిరాదు, అణువులే కావాలి. ఉక్కు, రిఫైనరీలదీ ఇదే కథ. కేంద్రం 2023 జనవరిలో 19,744 కోట్లతో గ్రీన్ హైడ్రోజన్ (సోలార్ లాంటి కరెంట్‌తో నీళ్ల నుంచి తీసేది) మిషన్ పెట్టింది అందుకే. అనకాపల్లి జిల్లా పూడిమడక దగ్గర ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. మిర్చి రైతుకి హైడ్రోజన్ చేరితే చేరేది ఎరువు బస్తాలోనే, ట్రాక్టర్ ట్యాంక్‌లో కాదని నా అంచనా.

హైడ్రోజన్ సిలిండర్ వంటగ్యాస్ కన్నా ప్రమాదమా?

గాలిలో 4 నుంచి 75 శాతం మధ్య ఎంత కలిసినా అంటుకుంటుంది, మంట పగటి వెలుతురులో కనపడదు, వాసన లేదు. మంచి గుణం ఒకటే, తేలిక కాబట్టి లీకైతే పైకి ఎగిరిపోతుంది. వంటగ్యాస్ నేల మీద పేరుకుంటుంది. మూసిన గదిలో ఆ మంచి గుణం కూడా అక్కరకు రాదు. కార్లలో దాన్ని 700 బార్ ఒత్తిడితో, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు 700 రెట్లతో, కార్బన్ ఫైబర్ ట్యాంకుల్లో నింపుతారు. వెల్డింగ్ షాపులో చేయించే పని కాదు.

నాగార్జున సాగర్‌లో నీళ్లు వెనక్కి తోడతారట, అదీ బ్యాటరీయేనా?

అవును, మన చుట్టుపక్కల ఉన్న చాలా పెద్ద బ్యాటరీ. సాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో ఏడు టర్బైన్లు రెండు వైపులా తిరుగుతాయి. కరెంట్ మిగిలినప్పుడు కింది నీళ్లను పైకి తోడి, అవసరమైనప్పుడు వదిలి కరెంట్ తీస్తాయి. ఇలాంటి చోట పెట్టిన వందలో 75, 80 యూనిట్లు తిరిగొస్తాయి. ఒకప్పుడు రాత్రి తోడి సాయంత్రం వాడే పద్ధతి. సోలార్ పెరిగేకొద్దీ పగలే తోడే రోజులు వస్తున్నాయి.

నేను ఇంజనీరింగ్ ఫైనలియర్. కొత్త రకం బ్యాటరీ కూలింగ్ చేశాను, పేటెంట్ ఎలా?

ముందు ఎవరికీ చూపించకండి. కాలేజీ ఫెస్ట్‌లో పెట్టినా, వీడియో వేసినా కొత్తదనం పోయిందని అభ్యంతరం వచ్చే వీలుంది. మన రాష్ట్రానికి పేటెంట్ ఆఫీసు చెన్నైలో ఉంది, అప్లికేషన్ ఆన్‌లైన్‌లో వేయొచ్చు. వ్యక్తిగతంగా వేసేవాళ్లకి మొదటి ఫీజు 1,600 రూపాయలు. పూర్తి వివరాలు సిద్ధంగా లేకపోతే ప్రొవిజనల్ వేసి తేదీ ఖాయం చేసుకుని, 12 నెలల్లో పూర్తిది ఇవ్వొచ్చు. పేటెంట్ వస్తే వేసిన తేదీ నుంచి 20 ఏళ్లు హక్కు. పరీక్ష ఫీజు, అభ్యంతరాలకి జవాబులు, ఏటా కట్టే రుసుము వేరే ఉంటాయి.

పెట్టిన దానికన్నా ఎక్కువ శక్తి ఇచ్చే యంత్రం అంటే మాత్రం ఫీజు దండగ. పేటెంట్ చట్టం సెక్షన్ 3(ఏ) ప్రకృతి నియమాలకి విరుద్ధమైన వాటిని ఆవిష్కరణగానే ఒప్పుకోదు.

"పేటెంట్ అప్లై చేశాం, మీ జిల్లాకి డీలర్‌షిప్ ఇస్తాం, అడ్వాన్స్ కట్టండి" అంటున్నారు. కట్టొచ్చా?

అప్లికేషన్ నంబర్ ఎవరికైనా వస్తుంది, ఫీజు కడితే చాలు. పేటెంట్ వచ్చినా అది కొత్తదని చెప్తుంది తప్ప మార్కెట్‌లో నిలబడుతుందనో, వాళ్లు చెప్పినంత ఇస్తుందనో చెప్పదు. యంత్రాన్ని రోజంతా నడిపించమనండి. లోపలికి పోయే వైరుకి ఒక ఎనర్జీ మీటర్, బయటికి వచ్చే వైరుకి ఇంకొకటి మీరే తెచ్చి పెట్టండి. చాలా తక్కువ ఖరీదులో ఎలక్ట్రికల్ షాపులో దొరుకుతాయి. మీటర్ పెట్టనివ్వకపోతే అడ్వాన్స్ కట్టకండి.